తాళంకప్పలో దాగిన అమానత్

తాళపుచెవి లేకుండా తాళం తీయడాన్ని ఒక వినోదంగా అభ్యసించేవారు లోకంలో చాలామందే ఉన్నారు. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఇందుకోసం 1997లోనే ఒక సంఘం ఏర్పడింది. మా మదరసాలో హిఫ్జ్ పూర్తిచేసి ఆలిం తరగతిలో చేరిన ఒక పదహారేళ్ళ విద్యార్థి చెప్పేదాకా మాకీ సంగతి తెలియదు. అతనికి ఈ విద్యపై మక్కువ కలిగింది. అతని తల్లి ఫోనులో కన్నీటి పర్యంతమై, "మౌలానా సాబ్, నా బిడ్డ దొంగల విద్య నేర్చుకుంటున్నాడు, మీరే మాన్పించాలి" అన్నారు. మేము మాన్పించలేదు. ఏ కారణాన అనుమతించామో, ఏ షరతులు విధించామో తల్లిదండ్రులైన పాఠకులకు విన్నవించుకుంటున్నాము.

ముందు ఆ విద్య ఏమిటో తెలియాలి. విషయం తెలియకుండా తీర్పు చెప్పడం మా ఉస్తాదులు మాకు నేర్పలేదు. అందుచేత ఆ కుర్రవాణ్ణే ఎదుట కూర్చోబెట్టుకుని పాఠం చెప్పించుకున్నాము.

మన బజార్లలో లివర్ల తాళాలు, పిన్నుల తాళాలు అని ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. కొత్తగా నేర్చుకునేవారు పిన్నుల తాళంతో మొదలుపెడతారు. 19వ శతాబ్దంలో అమెరికాకు చెందిన లైనస్ యేల్ దీనికి నేటి రూపమిచ్చాడు. అయితే దీని మూలసూత్రం ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల్లోనే ఉంది. చెవి దూర్చే చోట ఒక చిన్న ఇత్తడి స్తంభం తిరుగుతుంది. దానిపై వరుసగా నాలుగైదు సన్నని రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రంలో ఒకదానిపై ఒకటిగా రెండు పిన్నులు, వాటి నెత్తిన ఒక స్ప్రింగు. పై పిన్ను సగం స్తంభంలోకి, సగం బయటి గోడలోకి ఉండి స్తంభాన్ని కదలనివ్వదు. చెవి పళ్ళు ఒక్కొక్క జంటను కావలసినంత ఎత్తుకే లేపుతాయి. రెండు పిన్నులు కలిసే చోటు స్తంభం అంచుకు సరిగ్గా సమానమైతే అడ్డు తొలగి తాళం తిరుగుతుంది.

మరి చెవి లేనివాడు ఏం చేస్తాడు? మనిషి చేసిన వస్తువులోని లోపాన్ని ఆశ్రయిస్తాడు. ఎంతటి పనివాడైనా ఆ రంధ్రాలను వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే వరుసలో తొలచలేడు. సన్నని వంపు కడ్డీతో స్తంభాన్ని తిప్పబోతే పిన్నులన్నీ ఒక్కసారిగా ఒరుసుకోవు. ఏదో ఒకటి ముందుగా బిగుస్తుంది. రెండో చేతిలోని కొక్కెంతో దానిని వెదికి పట్టి, నెమ్మదిగా లేపితే చిన్న టిక్కు వినిపిస్తుంది. స్తంభం లేశమాత్రం కదులుతుంది. అప్పుడు మరొక పిన్ను బిగుస్తుంది. ఎక్కువగా లేపితే పని చెడుతుంది, కడ్డీ వదిలి మళ్ళీ మొదటినుంచి రావాలి. కొత్తవారు కడ్డీని గట్టిగా ఒత్తుతారు. దానితో పిన్నులన్నీ పట్టేసి, ఏది బిగిసిందో వేలికి తెలియదు. అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా మేమూ ప్రయత్నించాము. "హజ్రత్, వేలి బరువు చాలు" అని శిష్యుడు నాలుగుసార్లు హెచ్చరించాక తాళం తెరచుకుంది. తజ్వీద్ పాఠంలో అతణ్ణి ఇంతకన్నా ఎక్కువసార్లు సరిదిద్దిన మాకు ఆ సాయంత్రం బాగానే గడిచింది.

ఈ విద్య వల్ల మేలూ కలిగింది. లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, తీసినవారికి 200 గినీలు ఇస్తామని సవాలు చేసింది. దశాబ్దాల పాటు ఎవరివల్లా కాలేదు. 1851లో అమెరికన్ తాళాల నిపుణుడు హాబ్స్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి దానిని తీశాడు. లోపం బయటపడితేనే తాళం బాగుపడుతుంది.

ఇక షరీఅత్ దృష్టి. సాధనానికి దాని ఉద్దేశాన్ని బట్టి తీర్పు అన్నది ఫిఖహ్ చదివినవారందరికీ తెలిసిన సూత్రం. దొంగతనం అధ్యాయంలో ఫుఖహాలు 'హిర్జ్' గురించి విస్తారంగా చర్చించారు. సొత్తును యజమాని భద్రపరచిన చోటు అని దాని అర్థం. తాళం ఎంత బలహీనమైనదైనా, అది యజమాని నోటి మాటతో సమానం. సూరా నూర్‌లో ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదనే ఆదేశం ఉంది. అదే సూరా 61వ ఆయతులో తాళపుచెవులు మన చేతిలో ఉన్న ఇళ్ళ ప్రస్తావన వస్తుంది. దైవప్రవక్త (స) వెంట యుద్ధానికి వెళ్ళే సహాబాలు తమ ఇళ్ళ చెవులను వెనుక ఉండిపోయిన అశక్తులకు అప్పగించి, ఇంట్లో ఉన్నది తినండని చెప్పేవారనీ, వీరు మాత్రం తినడానికి సంకోచించేవారనీ తఫ్సీర్లలో ఒక కథనం ఉంది. చెవి చేతిలో ఉండి కూడా సంకోచించిన మనుషులు వారు! మా విద్యార్థికి ఈ ఆయతును వారం రోజులు పాఠంగా చెప్పాము.

తర్వాత షరతులు పెట్టాము. సొంత డబ్బుతో కొన్న తాళాలపైనే సాధన చేయాలి. వాడుకలో ఉన్న తాళాన్ని, తనదే అయినా, ముట్టరాదు. అది లోపల చెడిపోవచ్చు. ఇతరుల తాళమైతే యజమాని కోరి, ఎదుట నిలబడితేనే తీయాలి. పనిముట్లు మా గదిలోనే ఉంటాయి.

రెండు నెలలకే పరీక్ష వచ్చింది. హాస్టల్‌లో ఒక చిన్నవాడి ట్రంకుపెట్టె నుంచి మూడు వందల రూపాయలు పోయాయి. తాళం వేసినట్టే ఉంది. పిల్లల చూపులన్నీ ఒక్కడి మీదికే మళ్ళాయి. అతడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. హాస్టల్ పిల్లవాడికి లోకంలో తనదంటూ ఉండేది ఆ పెట్టె ఒక్కటే గనుక వారి కోపాన్నీ మేము తప్పుపట్టలేము. సాక్ష్యం లేని అనుమానాన్ని మాత్రం అంగీకరించలేము. పెట్టెను వెలుతురులోకి తెప్పించి చూశాము. వెనుకవైపు బందుల చీలలను ఎవరో ఊడదీసి తిరిగి దూర్చారు. ఇనుముపై గీతలు తాజాగా మెరుస్తున్నాయి. ముందున్న తాళాన్ని రెండు నిమిషాల్లో తీయగలవాడికి వెనుక సుత్తితో పనేమిటని పిల్లలందరి ముందూ అడిగాము. ఎవరూ మాట్లాడలేదు.

మూడోనాడు ఫజ్ర్ నమాజు తర్వాత ఆ మూడు వందలు చిన్నవాడి దిండు కింద కనిపించాయి. పెట్టినదెవరో మేము ఆరా తీయలేదు. ఆ ఆదివారం హాస్టల్‌లోని పెట్టెలన్నింటి బందుల చీలలను రెండు కొసలా కొట్టి, ఇక ఊడిరాకుండా చదును చేయించాము. సుత్తి పట్టింది మా తాళాల విద్యార్థి, పెట్టెలు మోసి తెచ్చినవారు మిగతా పిల్లలు.