మా నాయన తాగని కరెంటు

1995 ఎండాకాలం. మా మాదిగపల్లె నుంచి మా నాయన ఒక కామందు దగ్గర జీతానికుండేవాడు. పగలు చేలో పని, రాత్రి కొట్టంలో కారుకు కాపలా. అది పాత అంబాసిడర్. పెళ్లిళ్లకు తప్ప కదిలేది కాదు. చార్జింగు పెట్టించి తెచ్చిన బాటరీ ఐదారు రోజులకే చచ్చిపోయేది.

"రాత్రిళ్లు లైటేసుకొని కూచుంటన్నావు గదరా. కొత్త బాటరీ డబ్బులు నీ జీతంలో పట్టుకుంటా" అన్నాడు కామందు. ఆ కారు తలుపు మా నాయన ముట్టుకోగూడదు. ముట్టుకోనివ్వని కారులో ఎట్టా కూచుంటాడని ఎవురూ అడగలా.

అప్పటికి నేను టౌన్లో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటున్నాను. "నేను చూస్తానయ్యా" అంటే, ఊరికే చేస్తాడు గదా అని సరేనన్నాడు. సీటు మీద మాత్రం కూచోవద్దన్నాడు.

తాళంచెవి తీసేసి, తలుపులన్నీ మూశాను. బాటరీ ఎర్తు కేబుల్ విప్పి, కేబుల్‌కీ బాటరీకీ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు కలిపాను. ఆపిన బండిలో ఏదీ కరెంటు తాగకపోతే అది వెలగగూడదు. చుట్ట కొనలాగా ఎర్రగా వెలిగింది. బల్బు తీసి మీటరు పెడితే 400 మిల్లీ యాంపులు. రోజుకు దాదాపు 10 యాంపియర్ అవర్లు. 50 యాంపియర్ అవర్ల బాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. లెక్క సరిపోయింది.

మళ్లీ బల్బు కలిపి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. బల్బు ఆరలా. అంటే లైట్లది తప్పు కాదు, ఫ్యూజుతో పనిలేని తీగ ఏదో తాగుతోంది. ఆ బండికి డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించారు. దాని లావు తీగ నేరుగా బాటరీకి పోతుంది. అది విప్పాను. బల్బు ఆరిపోయింది. కరెంటును ఒక్కవైపే పోనియ్యాల్సిన డయోడులు లోపల పాడయ్యాయి. ఇంజను ఆపాక బాటరీ కరెంటు వెనక్కి కారిపోతోంది.

"నాయనా, ఇట్రా" అని పిలిచాను. కామందు గూడా వచ్చాడు. తీగ పెడితే వెలుగు, తీస్తే చీకటి. మూడుసార్లు చూపించాను. "సరేలే, బాగుచేయించు" అని లోపలికి పోయాడు. జీతంలో కోత ఆగింది. అన్న మాట వెనక్కి తీసుకోలా.

ఇంటికొచ్చేదాకా మా నాయన ఏమీ మాట్లాడలా. కాళ్లు కడుక్కుంటా, "ఆ బల్బు ఎంతరా?" అని అడిగాడు.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటికీ పాత బండ్లు నా షాపుకొస్తాయి. "మా వాచ్‌మెనే ఏదో చేసుంటాడు" అంటారు. నేను ముందు ఎర్తు కేబుల్ విప్పుతాను.