వానొస్తే ఏం చేస్తారు?

మేం బయల్దేరుతున్నామని తెలిసిన దగ్గర్నుంచి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు ఊళ్ళలోనూ అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "వానొస్తే ఏం చేస్తారు?" మా ఆడపడుచు అడిగింది. నా స్నేహితురాలి కొడుకు అడిగాడు. పాలు పోసే ఆయన అడిగాడు. నాతో చాలా ఏళ్ళు కలిసి పాఠాలు చెప్పిన సహోద్యోగిని, స్త్రీల కథల మీద పరిశోధన చేసినావిడ, ఆవిడా అడిగింది. "తడుస్తాం" అని నా స్నేహితురాలు అందరికీ ఒకే సమాధానం చెప్పింది. అది సమాధానం కిందికే రాదన్నట్టు చూశారు.

ఆలోచించి చూస్తే ఆ ప్రశ్న వాన గురించి కాదు. మగపిల్లలు బండ్లేసుకుని శ్రీశైలమో అరకో పోతుంటే "రెయిన్‌కోటు పెట్టుకో" అంటాం. అదే వాన మన దగ్గరికొచ్చేసరికి ప్రయాణం మానుకోవడానికి కారణమైపోతుంది. చదువుకునే రోజుల్లో చీకటి, పెళ్ళయ్యాక పిల్లల పరీక్షలు, ఆ తర్వాత అత్తగారి ఆరోగ్యం, ఇప్పుడు మన మోకాళ్ళు. కారణాలు మారుతుంటాయి గానీ ఆగిపోయేది మాత్రం ప్రతిసారీ మనమే.

మా ఇద్దరి స్నేహం తెనాలి - రేపల్లె పాసింజరు బండిలో మొదలైంది. తను రేపల్లె నుంచి తెనాలికి కాలేజీకి వచ్చేది. నాది తెనాలే. తర్వాత నేను ఉద్యోగానికి బాపట్ల వెళ్ళి అక్కడే ఉండిపోయాను. తను రేపల్లెలోనే కుట్టు మిషన్లు పెట్టుకుని నలుగురికి పని చూపిస్తోంది. పెళ్ళికి ముందే కాలవ గట్టు మీద వాళ్ళన్నయ్య మోటారు సైకిలు నడపడం నేర్చుకుంది. పెళ్ళయ్యాక పాతికేళ్ళు భర్త వెనకాల ఒక పక్కకి తిరిగి కూర్చుంది. ఆయన పోయాక, "ఈ బండి ఇంకెందుకు, అమ్మేద్దాం" అన్నారు ఇంట్లోవాళ్ళు. "నాకెందుకు అక్కర్లేదు?" అంది తను. కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు. తను లైసెన్సు తెచ్చుకుని మళ్ళీ తోలడం మొదలుపెట్టింది.

వాన సంగతి తనకి ఎవరో చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకి తనకి ఎనిమిదేళ్ళు. దివిసీమతో పాటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలనీ ఆ ఉప్పెన ఊడ్చిపెట్టింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. బాపట్లలో చర్చిలో తలదాచుకున్నవాళ్ళ మీద చర్చే కూలింది. "గడప దాటకపోతే క్షేమం అంటారు గదా, ఆ రాత్రి చచ్చిపోయినవాళ్ళలో ఎంతమంది గడప దాటారే?" అంటుంది తను. నేను తెలుగు పాఠాలు చెప్పినదాన్ని గానీ ఆ వాక్యానికి నా దగ్గర సమాధానం లేదు.

2023 నవంబరు మధ్యలో బయల్దేరాం. కొండలు చూడాలని. మా మూడు ఊళ్ళ మధ్య గేరు తగ్గించాల్సినంత ఎత్తు కాలవ వంతెనల మీద తప్ప ఎక్కడా లేదు. విజయవాడ, ఏలూరు, సిద్ధాంతం, జొన్నాడ వంతెనలు, తుని, అక్కడ హైవే వదిలి నర్సీపట్నం. 300 కిలోమీటర్లు దాటింది. తను ముందు, నేను వెనక. చెరోపక్కా కాలేసుకుని కూర్చున్నాను. మా ఆయన బండి మీద పక్కకి తిరిగి కూర్చున్నన్నాళ్ళూ నాకు రోడ్డుకి ఒక వైపే కనిపించేది. అరటి తోటలు, గోడలు, గోడల మీది రాతలు, అన్నీ వెనక్కి పోతూ. ఎదురుగా ఏమొస్తోందో తెలిసేది కాదు. ఇలా కూర్చున్నాక రోడ్డంతా నా ముందుకి వచ్చింది.

ఈ కూర్చోవడం చిన్న విషయం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చూడండి. మోటారు సైకిలు వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండాలని 123వ నియమం చెప్తుంది. మనం చీర గార్డు అంటామే, అదే. మంచిదే, ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. కానీ ఆ చట్టం రాసినవాళ్ళ కళ్ళకి ఆడవాళ్ళు ఎక్కడ కనిపించారో కూడా అందులో కనిపిస్తుంది. ఢిల్లీలోనైతే 2014 దాకా స్త్రీలకి హెల్మెట్ తప్పనిసరి కాదు. కొంగుకి రక్షణ ముందొచ్చింది, తలకాయకి చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది!

దారిలో వానకంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది మరుగుదొడ్లు. ప్రయాణమంటే నీళ్ళు తాగడం మానేయడం అని మనందరికీ చిన్నప్పుడే నేర్పేస్తారు. పెట్రోలు బంకుల్లో ఆడవాళ్ళ గదికి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఒక చోట తను హెల్మెట్ తీయకుండానే కౌంటరు దగ్గరికెళ్ళి తాళంచెవి కోసం చెయ్యి చాపి నిలబడింది. ఇచ్చారు. నర్సీపట్నంలో రాత్రి దిగిన చోట, రిజిస్టరు రాసుకునే కుర్రాడు మా వెనక్కి రెండుసార్లు చూసి, "సార్లు ఎవరూ రాలేదా మేడమ్?" అన్నాడు. "ఇద్దరం వచ్చాం" అంది తను. పేర్లు రాయించి, తండ్రి లేదా భర్త అన్న గడి దగ్గర గీత గీసింది. ఆ గీత చూసి నాకెంత ఆనందమేసిందో చెప్పలేను.

మర్నాడు తెల్లవారుజామున లంబసింగి దారి పట్టాం. మైదానం మీద తుంపర. మొదటి మలుపులు దాటేసరికి ఎండ. ఇంకో నాలుగు మలుపులకి మబ్బు మా మీదికి కాదు, మేమే మబ్బులోకి వెళ్ళాం. సముద్రం మీంచి వచ్చే తేమగాలి కొండకి తగిలి పైకెక్కుతుంది, ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, వెయ్యి మీటర్లకి ఆరు డిగ్రీల పైచిలుకు. ఆ చలికి తేమ మంచవుతుంది, వానవుతుంది. ఆ వారం బంగాళాఖాతంలో అల్పపీడనం కూడా తోడైంది. పుస్తకంలో చదివినప్పుడు రెండు వాక్యాలు. బండి మీద అయితే హెల్మెట్ అద్దం లోపల ఊపిరి ఆవిరై కళ్ళు కనపడవు, అద్దం ఎత్తితే చినుకులు సూదుల్లా గుచ్చుతాయి, చేతివేళ్ళు బ్రేకు మీద కొయ్యబారిపోతాయి.

"వంపులో నాతో పాటు వంగవే, ఎదురు వంగమాక" అని మొదటి మలుపులోనే అరిచింది. వెనక కూర్చున్నవాళ్ళు భయపడి రెండో వైపు లాగితే బండి తిరగదు. రెండో గేరులో, బ్రేకు కంటే ఇంజను పట్టు మీదే ఆధారపడుతూ, తడి ఆకులు పడిన చోట మరీ నిదానంగా ఎక్కించింది. ఎదురుగా పది గజాలు కూడా కనపడని చోట, "ఆగుదామా?" అని అడిగింది. "ఆగుదాం" అన్నాను. అంతే. ఎవరి పౌరుషమూ అడ్డం రాలేదు. మన ఇళ్ళలో ప్రయాణమంటే టీకి ఎక్కడ ఆగాలో కూడా స్టీరింగు పట్టుకున్న చెయ్యే నిర్ణయిస్తుంది. ఆగడం, కదలడం ఇద్దరం అనుకుని చెయ్యడం నా జీవితంలో నాకు తెలిసి అదే మొదలు. స్వేచ్ఛ గురించి ఎన్నో వ్యాసాలు చదివాను, రాశాను. అది ఇంత చిన్న మాటలో ఉంటుందని ఆ మంచులో నిలబడి తెలుసుకున్నాను.

లంబసింగి దాటి చింతపల్లి వైపు వెళ్తుంటే మళ్ళీ వాన. రేకుల టీ కొట్టులోకి దూరాం. అప్పటికే అక్కడ ఐదారుగురు ఆదివాసీ స్త్రీలు ప్లాస్టిక్ పట్టాలు తలమీంచి కప్పుకుని నిలబడున్నారు. కాఫీ పళ్ళు కొయ్యడానికి వెళ్తున్నారట. వాళ్ళలో పెద్దావిడ మా బండినీ మమ్మల్నీ చూసి, "ఏం పని మీద వచ్చారమ్మా?" అంది. "పనేం లేదు, ఊరికే" అన్నాం. ఆవిడ నవ్వేసింది. "ఊరికే ఎవరన్నా వానలో తడుస్తారా!" అని పక్కావిడకి వాళ్ళ భాషలో చెప్పింది. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. వాన ఇంకా తగ్గకుండానే వాళ్ళు పట్టాలు సర్దుకుని తోటలోకి వెళ్ళిపోయారు. వానొస్తే ఏం చేస్తారని వాళ్ళని ఎవరూ అడగరు. పనిలోకి వెళ్తారు, అంతే.

ఆ నవ్వు నన్ను చాలా దూరం వెంటాడింది. మాకు విడుదలగా అనిపిస్తున్న ఈ రోడ్డు ఎవరు వేశారు? నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసులతో చాకిరీ చేయించుకుని, కూలి సరిగా ఇవ్వకుండా హింసించాడు. పోడు మీద, అడవి మీద ఆంక్షలకి తోడు ఆ రోడ్డు చాకిరీ కూడా 1922 తిరుగుబాటుకి ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిచేసింది. మన పాఠ్యపుస్తకాల్లో వీరుడు ఉన్నాడు. ఆ రోడ్డుకి చాకిరీ చేసినవాళ్ళు ఒక వాక్యంలో దాటిపోతారు.

చింతపల్లి నుంచి పాడేరు పోయే దారిలో జి.మాడుగుల వస్తుంది. ఆ మండలంలోదే వాకపల్లి. 2007 ఆగస్టు 20న, గాలింపుకొచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి కోందు స్త్రీలు 11 మంది బయటికొచ్చి చెప్పారు. పదిహేనేళ్ళకి పైగా తిరిగారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులని నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెప్తూ, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వమంది. మేం ఆ దారిన వెళ్ళింది ఆ తీర్పొచ్చిన ఏడు నెలలకి. మాకు రోడ్డంటే ఇంట్లోంచి బయటికి పోయే దారి. వాళ్ళకి రోడ్డంటే తమ ఊళ్ళోకి ఎవరెవరో వచ్చే దారి కూడా. కింది నుంచి వెళ్ళిన మేం ఆ రెండో అర్థాన్ని మర్చిపోతే మా స్వేచ్ఛకి పెద్ద విలువేం ఉండదనిపించింది. తనతో ఆ మాటంటే, చాలాసేపు మాట్లాడకుండా బండి నడిపి, "దండం పెట్టుకోడానికి గుళ్ళు కట్టారు గానీ, ఆ ఊరి పేరు చెప్పే బోర్డు ఒక్కటన్నా ఉందేమో చూడు" అంది.

పాడేరు చేరేసరికి వాన వెలిసింది. వలిసె పూల పసుపు మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. మధ్యాహ్నానికి మళ్ళీ మబ్బు. బట్టలు ఒంటి మీదే తడిసి, ఒంటి మీదే ఆరాయి. జలుబు కూడా చెయ్యలేదు.

తిరిగొచ్చిన మూడు వారాలకి, 2023 డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రాత్రంతా తలుపులు కొట్టుకున్నాయి, కరెంటు పోయింది, చుట్టుపక్కల కోతకొచ్చిన వరి నీళ్ళపాలైంది. నేను ఇంట్లోనే ఉన్నాను.

బాపట్లలోనే పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మగారు 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాలవి. లోకంలో ఏం జరుగుతోందో, ఆడవాళ్ళకి ఏం కావాలో అన్నీ ఆ ఉత్తరాల్లో చెప్తుంది. 1931లో ఆవిడే బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు. స్నేహితురాలితో మాట్లాడినట్టు లోకంతో మాట్లాడవచ్చని ఆవిడ మనకి చూపించారు. ఆ కల్పలతతో కలిసి శారద ఎక్కడికైనా వెళ్ళగలిగి ఉంటే ఏం రాసి ఉండేదా అని ఈ మధ్య అనుకుంటున్నాను.

ఆదివారాలు తను రేపల్లె నుంచి బండి మీద వస్తుంది. సూర్యలంక రోడ్డు మీద నేను ముందు కూర్చుంటున్నాను, తను వెనక. సముద్రం గాలి పక్కనించి తోస్తుంటే హ్యాండిల్ బిగదీసి పట్టుకుంటాను. "అంత బిగదీయమాక" అంటుంది. మూడో గేరు దాకా వచ్చాను.