పానం మంచిగుండాలె

కరీంనగర్ పల్లెల్లో తెలిసినవాళ్లు ఎదురైతే అడిగే మొదటి మాట... 'పానం మంచిగుందా?' జ్వరమొస్తే 'పానం బాగలేదు' అంటారు. దిగులు పట్టుకుంటే 'పానం ఎట్లనో అయితుంది' అంటారు. కన్నబిడ్డంటే 'పానం'. ప్రాణం, ఆరోగ్యం, మనసు... మూడింటికీ ఇక్కడ ఒకటే మాట.

ఆ పానం బాగలేనప్పుడు ముందు రెండు దారులుంటాయి. ఒకటి దవఖానకు, రెండోది దేవుని దగ్గరకు. చాలామంది రెండూ పట్టుకుంటారు. కొందరు రెండోదానికే పరిమితమవుతారు. ఏది ముందు, ఏది వెనక అన్నదే ఒక్కోసారి చావుబతుకుల లెక్క అవుతుంది. ఆ రెండో దారి ఎలా ఉంటుందో చూడాలంటే వేములవాడలో బయల్దేరి, గోదావరి దాటి, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయి దాకా వెళ్లాలి. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలై జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, ఆసిఫాబాద్ లాంటి కొత్త జిల్లాలు పుట్టాయి. మొక్కులకు మాత్రం ఆ సరిహద్దులతో పనిలేదు.

బాగయ్యాక తీర్చే బాకీ

కరీంనగర్‌కు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది వేములవాడ. పదో శతాబ్దంలో ఇది చాళుక్య రాజుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో ఉన్న పంప మహాకవి 'విక్రమార్జున విజయం' రాసింది ఆ కాలంలోనే. రాజులు పోయారు, కోటలు పోయాయి. జనం నోట మిగిలింది రాజన్న ఒక్కడే. రాజరాజేశ్వరస్వామి అని పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ.

రాజన్నకు ఇష్టమైన మొక్కు కోడె. పిల్లలు లేనివాళ్లు, జబ్బు నుంచి లేచినవాళ్లు, పంట చేతికొచ్చినవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. కొందరు తక్కెడలో ఒకవైపు తాము కూర్చుని రెండోవైపు తమ ఎత్తు బెల్లం పోయిస్తారు. ఇంకొందరు ఆ రాత్రి గుడి దగ్గరే నిద్రచేసి పొద్దున్నే ఊరికి బయల్దేరతారు. సోమవారాల్లో, శివరాత్రికి ఇసుక వేస్తే రాలనంత జనం. తరతరాలుగా ఆ ఆలయ ప్రాంగణంలోనే ఒక దర్గా కూడా ఉంటూ వచ్చింది. రాజన్నకు మొక్కినవాళ్లు అక్కడా దండం పెట్టుకోవడం ఈ ప్రాంతంలో ఎవరికీ వింతగా తోచలేదు. ఆలయ విస్తరణ పనులు జరుగుతున్నందున కోడె మొక్కు, దర్శనం ఎక్కడ జరుగుతున్నాయో ముందే కనుక్కుని వెళ్లడం మంచిది.

ఈ మొక్కులో ఒక మెలిక ఉంది. అడగడం ముందు, తీర్చడం తర్వాత. 'నా కొడుకు లేచి తిరిగితే కోడెను కడతా' అని ఆపదలో అనుకున్న మాట ఇది. ఆపద గడిచాక మనిషి తన కాళ్లమీద వచ్చి తీర్చాలి. ఈ మధ్యలో కరీంనగర్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ జరిగి ఉండొచ్చు, ఇంటిల్లిపాదీ అప్పుల పాలై ఉండొచ్చు. రాజన్న దానికేమీ అడ్డు చెప్పడు. మందు వద్దన్న షరతు కోడె మొక్కులో ఎక్కడా లేదు. ఆ షరతు మనుషులు పెట్టుకున్నదే.

నలభై రోజుల కొండ

వేములవాడ నుంచి జగిత్యాల వైపు వెళ్తే కొండగట్టు. సింగం సంజీవుడు అనే పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ అలసిపోయి నిద్రపోతే, స్వామి కలలో కనిపించి తానున్న చోటు చెప్పాడని స్థలపురాణం. ఇక్కడి మూలమూర్తికి ఒకవైపు ఆంజనేయుడి ముఖం, మరోవైపు నరసింహుడి ముఖం. చైత్ర పౌర్ణమికి దీక్షాపరుల రాకతో కొండంతా కాషాయ రంగులోకి మారిపోతుంది.

కొండగట్టుకు ఇంకో పేరుంది. మతి చలించినవాళ్లను ఇక్కడ నలభై రోజులు ఉంచితే బాగవుతారని నమ్మకం. అందుకే జాతర లేని రోజుల్లో కూడా కొండమీద కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి. తనలో తను మాట్లాడుకునే కొడుకు, ఉలుకూ పలుకూ లేని కోడలు, వాళ్ల పక్కన ఒక తల్లో, తండ్రో. పొద్దున్నే కోనేట్లో స్నానం, ప్రదక్షిణలు, గుడి గంట చప్పుడు, మూడు రాళ్ల పొయ్యిమీద వంట, మళ్లీ సాయంత్రం ప్రదక్షిణలు. నలభై రోజులూ అదే వరుస.

నమ్మకం సంగతి పక్కనబెట్టి చూసినా ఇందులో మేలు చేసేవి కొన్ని కనిపిస్తాయి. వేళకు లేవడం, వేళకు తినడం, నడవడం. అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఒక మనిషి ఉండటం. ఊళ్లో అయితే 'పిచ్చోడు' అని రాళ్లేస్తారు. ఇక్కడ అందరూ అలాంటి బాధతో వచ్చినవాళ్లే కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు. తల్లికి కూడా నలభై రోజులపాటు తలవంపులు ఉండవు.

కానీ నలభై రోజుల తర్వాత? స్కిజోఫ్రేనియా లాంటి జబ్బుకు చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒక మండలం ఇక్కడ, ఒక మండలం ఇంకోచోట అంటూ తిరిగితే సంవత్సరాలు ఇట్టే గడిచిపోతాయి. నమ్మకం పేరుతో మనిషిని కట్టేస్తే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దేశమంతా చూసింది. దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టి ఉండటం వల్ల తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. ఆ తర్వాత వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

దీనికి ఇంకో దారి గుజరాత్‌లో దొరికింది. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి 'దవా-దువా' నడిచింది. దువా చేసే ముజావరే రోగిని పక్క గదిలోని డాక్టరు దగ్గరకు పంపుతాడు. దేవుణ్ని వదలమని ఎవరూ అనలేదు, మందు కూడా వేసుకోమన్నారు. ఆసుపత్రిని దవఖాన అని పిలిచే తెలంగాణకు ఈ మాట కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. మానసిక ఇబ్బందులకు 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు కొండమీద నుంచి కూడా ఫోను చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు, తెలుగులోనే మాట్లాడతారు.

పానం కోసం ఎక్కే ఈ కొండే పానాలు తీసిన రోజు కూడా ఉంది. 2018 సెప్టెంబర్ 11న కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ తేదీ చెబితే చాలు, ఇప్పటికీ మాట ఆగిపోతుంది.

యముడున్న ఊరు

జగిత్యాల దాటితే ధర్మపురి. లక్ష్మీనరసింహుడి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. యముడికి గుడి కట్టి దీపం పెట్టే ఊళ్లు అరుదు. 'ధర్మపురికి వస్తే యమపురి ఉండదు' అన్నది ఇక్కడి నానుడి. బతుకు కోసం మొక్కేవాళ్లు, పోయినవాళ్లకు పిండాలు పెట్టేవాళ్లు ఒకే రేవులో గోదావరి స్నానం చేస్తారు. ఒకరి పక్కన ఒకరు, ఒకే నీళ్లలో.

ధర్మపురి పక్కనే రాయపట్నం వంతెన. దాటితే పాత ఆదిలాబాద్. రోడ్డు జన్నారం మీదుగా కవ్వాల్ టేకు అడవుల్లోకి దూరుతుంది. 2012లో దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అటవీ చెక్‌పోస్టులు దాటాక ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. ఆసుపత్రులు ఇంకా దూరం.

నీళ్లు మోసుకెళ్లే వంశం

ఈ గోదావరి నీళ్లే అడవిలో ఒక దేవుడికి అభిషేకం. జన్నారం దగ్గర కలమడుగు రేవులో హస్తినమడుగు ఉంది. పుష్యమాసం రాగానే గోండుల్లోని మెస్రం వంశస్తులు చెప్పుల్లేకుండా నడుచుకుంటూ ఇక్కడికి వస్తారు. కలశంలో నీళ్లు నింపుకుని, మళ్లీ నడకనే రోజుల తరబడి ప్రయాణించి, ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజచేసి, కేస్లాపూర్ చేరి మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. పూజకు కావాల్సిన కుండలు సిరికొండలోని కుమ్మరుల ఇంటి నుంచే రావాలి. పుష్య అమావాస్య అర్ధరాత్రి నాగోబాకు ఆ నీళ్లతో పూజ జరుగుతుంది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లకు తెల్లబట్టలు కట్టి దేవుడికీ పెద్దలకూ పరిచయం చేస్తారు. దాన్ని 'భేటింగ్' అంటారు. అది అయ్యేదాకా కోడలు నాగోబాను చూడకూడదు. 2022 డిసెంబరులో ప్రారంభమైన కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలే చందాలు వేసుకుని కట్టుకున్నాయి.

జాతరలోనే దర్బారు కూడా జరుగుతుంది. కలెక్టరు, అధికారులు కూర్చుంటే గూడేలవాళ్లు తమ బాధలు చెప్పుకుంటారు. పట్టా కావాలి, రోడ్డు కావాలి, డాక్టరు కావాలి. దేవుడికి చెప్పినంత గట్టిగా సర్కారుకూ చెబుతారు. వానాకాలం వస్తే ఈ గూడేల్లో జ్వరాల భయం మొదలవుతుంది. మలేరియా దోమ ద్వారా వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది ఇదే రాష్ట్రంలోని సికింద్రాబాద్‌లో. అక్కడికీ ఈ అడవికీ మూడొందల కిలోమీటర్లే. అయినా ఆ తర్వాత వందేళ్లకు కూడా వాగు పొంగితే మంచంమీద రోగిని మోసుకొచ్చే పరిస్థితి పోలేదు. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో వచ్చింది. మంచిర్యాలలో 2022లో, ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాగుమీద వంతెన లేకపోతే మాత్రం ఎంత పెద్ద దవఖాన అయినా ఆవలి గట్టునే ఉండిపోతుంది.

మలేరియా ఈ గూడేలవాళ్ల రక్తంలోనూ ఒక గుర్తు వదిలింది. అదే సికిల్‌సెల్. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వస్తే అది మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఎర్ర కణాలు కొడవలిలా వంగి, కీళ్ల నొప్పులు, రక్తహీనత జీవితాంతం వెంటాడతాయి. 2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద రక్తపరీక్ష చేసి, ఫలితాన్ని కార్డుమీద రాసిస్తున్నారు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోమని చెబుతున్నారు.

గోండులకు ఈ పద్ధతి తెలియనిది కాదు. నాలుగు దేవతలవాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవతలవాళ్లు అని వాళ్లలో విభాగాలుంటాయి. ఒకే సంఖ్య దేవతలున్నవాళ్లు అన్నదమ్ముల వరస, వాళ్లమధ్య పెళ్లి కుదరదు. సంబంధం మాట రాగానే దేవతల లెక్క చూస్తారు. ఇప్పుడు ఆ లెక్క పక్కన రక్తం లెక్క కూడా చూసుకుంటే చాలు. ఒకదానికోసం ఇంకోటి వదలాల్సిన పనిలేదు.

రోగం నేలలో ఉంది

ఉట్నూరు నుంచి జైనూరు వైపు వెళ్తే మార్లవాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు ఊరు ఇదే. ఆయన 2024లో కన్నుమూశారు. దీపావళి వేళ నెమలి ఈకల టోపీ పెట్టుకుని దీక్షలో ఉండే గుస్సాడీలు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. వాళ్ల చేతి కర్ర తగిలితే జబ్బు పోతుందని గూడేలవాళ్ల నమ్మకం.

ఈ ఊరికి 1940ల్లో ఒక తెల్లజంట వచ్చింది. క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. భార్య బెట్టీ ఎలిజబెత్. రెండో ప్రపంచయుద్ధం మొదలవడంతో శత్రుదేశం పాస్‌పోర్టు ఉన్న ఆయన హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లలేకపోయాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు అనిపించింది. ఆ పని హైమండార్ఫ్‌కు అప్పగించారు.

ఆయన ఊరిబయట బంగళాలో దిగలేదు. మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి నేర్చుకుని, వాళ్లు తిన్నదే తిన్నాడు. చూసి చెప్పింది ఒకటే. ఈ మనుషులకు పట్టిన రోగం నేలలో ఉంది. తాతల నాటి భూమి అటవీశాఖ గీతల్లోకి, షావుకార్ల కాగితాల్లోకి పోయింది. నేల పోయాక తిండి పోయింది, ఆ వెనకే పానం. ఆ మాట సర్కారు చెవికెక్కి వేలమందికి పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలోనే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. నాగోబా దర్బారు కూడా ఆయన సలహాతో ఆ దశాబ్దంలోనే పుట్టింది. 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకం 1948లో వచ్చింది.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయి తెచ్చి ఖననం చేశారు. హైమండార్ఫ్ 1995లో లండన్‌లో కన్నుమూశాడు. ఆయన అస్థికలు 2012లో ఇక్కడికి చేరాయి. రెండు సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ చేరి, తమ పెద్దలకు చేసినట్టే పూజ చేస్తుంది. పువ్వులు పెట్టి, దండం పెట్టుకుని, వచ్చిన అధికారులకు ఆ ఏటి బాధలు చెప్పుకుంటారు. ఆ సరికి పుష్య అమావాస్య దగ్గరపడుతుంది. కేస్లాపూర్‌లో నాగోబా ఎదురుచూస్తుంటాడు, అడవి దారిలో మెస్రం వంశస్తుల నడక సాగే రోజులవి.