చైతన్యపురి డాబాల మీద చలికాలం

పిల్లలూ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్‌కు మెట్రో రైలులో వెళ్ళారా? 2018 నుంచీ ఆ రైలు చైతన్యపురి మీదుగా పోతున్నది. కిటికీలోంచి చూస్తే డాబాల మీద పూలకుండీలు కనబడతవి. మందారం, మల్లె, నందివర్ధనం, నూరువరహాలు!

మన నగరం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున, పీఠభూమి మీద ఉన్నది. అందువల్ల డిసెంబరు రాత్రులు బాగా చల్లబడతవి. మందారం ఆకులు పసుపుబారి రాలతవి. "అయ్యో, చలికి చచ్చిపోతున్నది కాబోలు!" అని ఇంటివాళ్ళు మరో చెంబు నీళ్ళు పోస్తారు. మొక్కకు అసలు ముప్పు ఆ చెంబులోనే ఉన్నది!

చలిదేశాల మాట వేరు. అక్కడ కొమ్మలలోని నీరు గడ్డకట్టి, కణాలు చితికిపోతవి. అందుకే గులాబీ మొదళ్ళకు మట్టి ఎగదోసి, గడ్డి కప్పుతారు. అమెరికాలో చలి ఎక్కువగా ఉండేచోట మన తెలుగువారు మల్లె కుండీని ఇంట్లోకే తెచ్చుకుంటారు. నీరు గడ్డకట్టేది సున్న డిగ్రీల వద్ద. హైదరాబాదులో 1946 జనవరి 8న, అంత గట్టి చలిలో కూడా, ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల దగ్గరే ఆగింది. కనుక మన మొక్కలకు ఆ భయం లేదు.

మరి అవి ఎందుకు డీలాపడతవి? విశ్రాంతి తీసుకుంటవి, అంతే. జూన్‌లో 13 గంటలకు పైగా ఉండే పగలు, డిసెంబరులో 11 గంటలకు తగ్గుతుంది. ఎండ తగ్గితే వేళ్ళు తక్కువ నీరు తాగుతవి. వేసవిలో పోసినట్లే పోస్తే మట్టి సందులన్నీ నీటితో నిండి, గాలి ఆడదు. వేళ్ళకూ ఊపిరి కావాలి కదా! అది అందక కుళ్ళిపోతవి.

ఏం చేయాలి? ఉదయం పూట వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే నీళ్ళు వద్దు. పొడిగా ఉంటే, ఎండ వచ్చాక పోయండి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. గోడల నీడ ఉత్తరానికి సాగుతుంది. నీడలో చిక్కిన కుండీని పెద్దవాళ్ళ సాయంతో ఎండలోకి జరపండి. రాలిన ఆకులను తగలబెట్టక, మొదట్లో పరవండి. మట్టికి అదే దుప్పటి.

చామంతి, డిసెంబరు పూలు మాత్రం ఇప్పుడే పూస్తవి. వాటిని ఎండగట్టకండి సుమా!

మల్లెకు నీళ్ళు బాగా తగ్గించి, జనవరిలో పెద్దవాళ్ళచేత కొమ్మలు కత్తిరింపించండి. చలి తగ్గాక ఎరువూ, నీళ్ళూ ఇవ్వండి. మల్లె పూసేది కొత్త చిగుళ్ళ చివరనే. ఇప్పుడు దాన్ని నిద్రపోనిస్తే, వేసవిలో మీ ఇంట మూరల కొద్దీ మాలలే.

రేపు ఉదయం మీ కుండీలో వేలు పెట్టి చూచి, చెంబు ఎత్తాలో వద్దో అమ్మకు మీరే చెప్పండి.