పేడ, నీరు, వెలుగు

ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవారు నవలలూ నాటకాలూ అనువదిస్తారని లోకం అనుకుంటుంది. ఇల్లు గడవడానికి నేను అనువదించేవి ఎక్కువగా నివేదికలు. అటువంటి ఒక నివేదికలో ‘ఎనర్జీ పావర్టీ’ అనే మాట నన్ను మూడు రోజులు ముందుకు కదలనివ్వలేదు. ‘శక్తి దారిద్ర్యం’ అని వ్రాస్తే మన పాఠకునికి నీరసించిన మనిషి స్ఫురిస్తాడు గాని వెలగని దీపం స్ఫురించదు. ‘ఇంధన లేమి’ అన్నది వంటింటికి సరిపోతుంది. పిల్లవాని పుస్తకం ముందు ఉండవలసిన దీపానికీ, నీరు తోడవలసిన మోటారుకూ చాలదు.

ఆ మాటలో ఇమిడి ఉన్న జనసంఖ్య చిన్నది కాదు. 2023 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 66 కోట్ల మందికి విద్యుత్తు లేదు. 200 కోట్లకు మించినవారు కట్టెలు, పిడకలు, బొగ్గుల పొగలోనే వండుకుంటున్నారు. వీరికి మార్గంగా నిపుణులు చూపేవి చిన్న వ్యవస్థలు: ఊరి పేడతో తయారయ్యే గ్యాసు, కొండవాగు మీద తిరిగే చిన్న టర్బైను, ఇంటికప్పు మీది సౌరఫలకం. వీటి గురించి చదువుతూ నేను ఒక కన్నడ గ్రామం దగ్గర ఆగిపోయాను.

ఆ గ్రామం పూరా. కర్ణాటకలోని తుమకూరు జిల్లా, కుణిగల్ తాలూకాలో ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో గ్రామాలకు తగిన సాంకేతిక విజ్ఞానం కోసం ‘ఆస్త్ర’ అనే విభాగం ఏర్పడింది. దాని వెనుక ఉన్న ఆచార్య అమూల్య రెడ్డి విద్యుద్రసాయన శాస్త్రంలో పేరు పొందినవారు. పూరాతో సహా కొన్ని గ్రామాలలో ఎవరు ఎంత శక్తిని వాడుతున్నారో ఆ బృందం ఇల్లిల్లూ తిరిగి లెక్కకట్టింది. కట్టెలూ కిరోసినూ కరెంటూ మాత్రమే కాదు, స్త్రీలు నీరు మోసిన గంటలను, పిల్లలు పుల్లలు ఏరిన గంటలను కూడా వారు శక్తి పద్దులోనే వ్రాసుకున్నారు. అంటే ‘శక్తి’ అనగానే మనకు ముందుగా తోచే ఒంటి సత్తువ ఆ శాస్త్రజ్ఞుల లెక్కకు బయటిది కాదన్నమాట. నా అనువాదంలో ‘శక్తి దారిద్ర్యం’ అనే మాట ఆ తర్వాతనే స్థిరపడింది.

పూరాలో మొదట తలపెట్టినది వంటకు పేడ గ్యాసు. ఊరి పశువుల పేడంతా కలిపినా అన్ని ఇళ్ళకూ రెండు పూటల వంటకు చాలే గ్యాసు రాలేదు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది. ఇటువంటి చోట ఎందరో చేతులు దులుపుకొని వెళ్ళిపోతారు. వీరు ఊరివారి అవసరాలను మళ్ళీ విచారించారు. స్త్రీలకు ముందుగా కావలసింది మంచినీరని తేలింది. 1987 సెప్టెంబరు నుంచి ఆ గ్యాసునే, కొద్దిపాటి డీజిలుతో కలిపి, ఒక చిన్న ఇంజనులో మండించి 5 కిలోవాట్ల విద్యుత్తు తీశారు. దానితో గొట్టపుబావి నీరు కుళాయిలకు ఎక్కింది, సాయంత్రాలు ఇళ్ళలో దీపాలు వెలిగాయి.

నన్ను ఆకట్టుకున్నది యంత్రం కంటే దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. పేడ తెచ్చినవారికి కిలోకు 2 పైసలు చెల్లించేవారు. తెచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలే. గ్యాసు తీసిన తరువాత మిగిలిన మడ్డిని ఇసుకపడకల మీద వడకట్టి, ఎవరి వంతు ఎరువు వారికి తిరిగి ఇచ్చేవారు. కనుక రైతుకు పోయినదేమీ లేదు. నడిపినది ఊరి యువకులే. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనకొక సామెత ఉంది. పూరాలో దానికి విరుద్ధంగా జరిగింది. సహకరించని ఇంటికి నీరూ దీపమూ ఆగిపోతాయి గనుక ఉమ్మడి సొత్తే అందరినీ కలిపి ఉంచింది. రెడ్డిగారు దీనిని ఉమ్మడితనం ఇచ్చిన వరంగా వర్ణించారు. అయితే దానినీ శాశ్వత విజయమని చెప్పడం సత్యదూరం. 2004లో ఆయన ఆ ప్రయోగపు పాఠాలను ప్రకటించే నాటికి పూరా పథకం ఆగిపోయిన పథకమే.

ఇదంతా చదువుతున్నప్పుడు పల్నాడులో మా అమ్మమ్మగారి పెరటి గోబర్ గ్యాసు గుర్తుకు వచ్చింది. 1980లలో మా మామయ్య ఏదో ప్రభుత్వ పథకం కింద కట్టించాడు. ఇటుకల గుంట, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. పత్తికట్టె, మిరపకట్టె పొగలో ఊదుగొట్టం ఊది కళ్ళు ఎర్రబారిన అమ్మమ్మకు నీలిమంట ఒక వింత. కాని 2 ఘనమీటర్ల గ్యాసు కావాలంటే రోజూ సుమారు 50 కిలోల పేడ, దానికి సమంగా నీరు కలపాలి. కలిపేది ఎవరు? “గొడ్ల చాకిరీ చాలదనా, ఈ గుంట చాకిరీ కూడా తెచ్చిపెట్టావు?” అని ఆమె కొడుకును అడిగేది. నాలుగో ఏట డ్రమ్ముకు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. కట్టినవారు తిరిగి రాలేదు. ఆమె మళ్ళీ కట్టెపొయ్యి ముందు కూర్చుంది. ఇనుము అక్కరలేని ఇటుక గుమ్మటపు నమూనా, ‘దీనబంధు’ అనేది, 1984లోనే వచ్చింది. ఆ సంగతి మా ఊరిదాకా తెచ్చి చెప్పినవారు లేరు.

మరమ్మతు మనిషి విలువ బంగ్లాదేశ్ చరిత్రలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గ్రామీణ శక్తి అనే సంస్థ 1996 నుంచి అక్కడి పల్లెలలో సౌరదీపాలను కిస్తుల మీద అమ్మింది. 2003లో మొదలైన జాతీయ కార్యక్రమం 2018 నాటికి 40 లక్షలకు పైగా ఇళ్ళకు ఫలకాలు చేర్చింది. నెలనెలా కిస్తు వసూలుకు వచ్చిన మనిషే బాటరీ కూడా చూసి వెళ్ళేవాడు. అప్పు తీరాలంటే దీపం వెలగాలి, అందువల్ల అతని రాక తప్పేది కాదు. తరువాత ప్రభుత్వపు విద్యుత్ తీగలు వేగంగా పల్లెలకు చేరాయి. 2022లో దేశమంతటికీ విద్యుత్తు అందిందని ప్రభుత్వం ప్రకటించింది. ఎన్నో ఇళ్ళలో ఫలకాలు మూలపడ్డాయి, కిస్తులు ఆగిపోయాయి, వాటితోపాటే నెలనెలా తలుపు తట్టే ఆ మనిషి రాకా తగ్గిపోయింది.