పాడిగేదె – రూపమూ, స్వభావమూ

సూరత్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరాన, తాపీ నది ఒడ్డున ఉన్నది కామ్‌రేజ్. ఆ పరిసరాలలోని గేదెలకు కొడవలివంటి కొమ్ములు, దవడ క్రింద ఒకటి, రొమ్ముపై ఒకటిగా రెండు తెల్లని పట్టెలు ఉంటాయి. అది సుర్తీ జాతి. ముర్రాకంటె చిన్నది. ఒక ఈతలో సుమారు 1,600 నుండి 1,700 కిలోల పాలిస్తుంది. ఆవుపాలలో వెన్న 4 శాతం ఉంటే, దీని పాలలో 7, 8 శాతం ఉంటుంది. 1951లో ఏర్పడిన సుముల్ సహకార డెయిరీకి పాలుపోసే ఈ జిల్లా రైతులకు వెన్న శాతమే ముఖ్యం.

అయితే ఆ తెల్లపట్టెలు జాతిని చెబుతాయే గాని పాలను చెప్పవు. పాలను చెప్పేది పొదుగు. నాలుగు చన్నులు సమదూరాన ఉండాలి. చర్మం పలుచగా, మెత్తగా ఉండాలి. పొట్టక్రింది పాలనరం లావుగా, వంకరలు తిరిగి ఉండాలి. వీటన్నిటికంటె మేము నమ్మే పరీక్ష మరొకటి ఉన్నది. పితికిన పిదప పొదుగు ఖాళీ సంచివలె ముడుతలు పడాలి. అట్లు పడనిది కండ పొదుగు, చూపుకే నిండుదనం.

పదవీ విరమణ చేసిన మా సహోద్యోగి ఒకరు కామ్‌రేజ్‌లోనే స్థిరపడి, భవిష్యనిధి సొమ్ములో కొంత తీసి గేదెను కొనదలచారు. కుమార్తె చదువు ఇంకా రెండేళ్ళున్నది. ఆ సొమ్ము పోతే మళ్ళీ వచ్చేది కాదు. ఆయన కన్ను ఒక భారీ గేదెమీద పడింది. మూడు పూటలు వరుసగా ఎదుట పితికించనిదే బయానా ఇవ్వవద్దని మేము పట్టుబట్టాము. మొదటిపూట 6 లీటర్లు వచ్చాయి. తరువాతి రెండు పూటలు 4కు మించలేదు. ముందురోజు పితకకుండా నిలిపి ఉంచారన్నమాట! పైగా కొత్తమనిషి దగ్గరికి వస్తే చాలు, ఎగచేపు.

ఈ ఎగచేపును మేము ఇంజనీరు కన్నుతోనే చూస్తాము. గేదె పొదుగులో పాలు నిలువయుండే తావు చాలా చిన్నది. సుమారు 95 శాతం పాలు పైనున్న సూక్ష్మగ్రంథులలోనే ఉంటాయి. దూడ మూతి గాని, తెలిసిన చేయి గాని తగిలితే ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో కలిసి వాటిని క్రిందికి దింపుతుంది. గేదె బెదిరితే అడ్రినలిన్ దానిని అడ్డుకొంటుంది. ట్యాంకు ఎంత పెద్దదైతేనేమి, వాల్వు తెరచుకోవద్దూ? సూదిమందుతో ఆ వాల్వు తెరిపించేవారున్నారు. పశువు ఆరోగ్యానికి చేటైన అటువంటి పనిని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నేరమన్నది.

శాంతమైన గేదెలన్నీ అధికంగా పాలిస్తాయని మేమనము. గ్రంథిలో లేని పాలు సాధుగుణంవల్ల రావు. పాలిచ్చే పశువు తన్నినా పడాలన్న పెద్దల మాట మాత్రం, తన్నే పశువు బిందెలో పోసేదెంతో కొలిచి అన్నది కాదనిపిస్తుంది.

చివరకు ఆయన కొన్నది ఒక చిన్న సుర్తీ. మూడు పూటలూ దాదాపు ఒకే కొలత ఇచ్చింది. అది ఆయన సతీమణి చేతికే చేపుతుంది. ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన ఆమె పాతచీర భుజాన కప్పుకొని పితుకుతారట. ఇరుగుపొరుగువారు నవ్వుతున్నారని మాతో మొరపెట్టుకొన్నారు.