తాతగారి కారు

పోయిన చలికాలం మావాడికి 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ బొమ్మ కారు కిట్టు కొన్నాం. అసలు కారులో 25వ వంతు. అది పూర్తికాగానే వాడు గోడమీది ఫోటో చూపించి, "తాతగారి కారు కూడా చేద్దాం" అన్నాడు. అంబాసిడర్! ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారై, 2014లో ఆగిపోయిన బండి.

దాని కిట్టు మాకు దొరకలేదు. ప్లాస్టిక్ రేకులు కోసి, అతికించి, సందులు పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది 17 సెంటీమీటర్ల కారు నిలబెట్టాం. బంపర్లకు వెండిరేకు అంటించాం. తీరా డాష్‌బోర్డు దగ్గర చెయ్యి ఆగిపోయింది. చిన్నప్పుడంతా ఆ కారులో తిరిగినా మాకు తెలిసింది వెనక సీటే. ముందుసీటు పెద్దవాళ్ళది.

బెజవాడకు ఫోన్ చేశాం. "గేరు స్టీరింగు కిందే రా, ఎడమచేతికి" అని మొదలుపెట్టి నాన్నగారు గంటసేపు చెప్పారు. ప్రతి ఆదివారం మందులు వేసుకున్నారా అని అడిగి పెట్టేసే ఫోనది. అన్నేళ్ళలో అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదలు.

ఇక రంగు మిగిలింది. తెలుపని మాకు తెలుసు. అయినా వచ్చే ఆదివారం ఆయన్నే అడుగుతాం.